పనుల లిస్టు జీమెయిల్‌లోనే పెట్టుకోవచ్చా అని అడిగిన మాస్టారికి

మాస్టారూ, మీరు అడిగింది ఇదీ: నరసన్నపేట దగ్గర హైస్కూల్లో పని, శ్రీకాకుళం నుంచి రోజూ బస్సులో రాకపోకలు. పనులు గుర్తుపెట్టుకోవడానికి ఫోన్లో రెండు మూడు యాప్‌లు వేసుకున్నారు, ఒక్కోటీ వారం తిరక్కుండానే మానేశారు. ఇప్పుడు ఏదైనా గుర్తొస్తే మీ మెయిల్‌కి మీరే మెయిల్ కొట్టుకుంటున్నారు. కానీ ఇన్‌బాక్స్‌లో చదవనివే పదకొండు వేలు ఉన్నాయి, వాటి మధ్య మీ మెయిల్ పడి మర్నాటికి కనిపించడం లేదు. ఇది అసలు ఒక పద్ధతేనా, అయితే ఎలా సర్దుకోవాలి, ఇంట్లో మేడం కూడా అందులో పనులు వేయొచ్చా అని మూడు ప్రశ్నలు.

పద్ధతే. నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. 1971లో రే టాంలిన్సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటర్ నుంచి పక్కనే ఉన్న ఇంకో కంప్యూటర్‌కి నెట్‌వర్క్ మీద మొదటి మెయిల్ పంపినప్పుడు, పంపుకున్నది తనకి తానే. మెయిల్ ఐడీ మధ్యలో అట్ గుర్తు పెట్టింది కూడా ఆయనే. కాబట్టి మనం చేస్తున్నది చాలా పాత పనే. మా అమ్మ మాత్రం ఇప్పటికీ "ఏట్రా, నీకు నువ్వే ఉత్తరం రాసుకుంతన్నావేటి?" అని అడుగుతుంది.

నా సంగతి కొంచెం చెప్తాను, ఎందుకు చెప్తున్నానో తెలియాలి కదా. విజయనగరంలో చిన్న వ్యాపారుల అకౌంట్లు, జీఎస్టీ రిటర్నులు చూస్తాను. 7న టీడీఎస్ కట్టాలి, నెలనెలా రిటర్ను వేసేవాళ్ళకి 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, 20న జీఎస్టీఆర్-3బీ, ఇలా బతుకంతా తేదీల మీదే నడుస్తుంది. ఆఫీసు తేదీలకి వేరే రిజిస్టరు ఉంది, అది మెయిల్‌లో పెట్టను. ఇంటి పనులు, సొంత పనులు, చుట్టాల పనులు మాత్రం చాలా ఏళ్ళుగా జీమెయిల్‌లోనే పెడుతున్నాను. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు, కొత్తగా వేసుకోవాల్సింది ఏదీ లేదు.

మీ యాప్‌లు ఎందుకు నిలవలేదో చూడండి. అవి మంచివి కాక కాదు. పని మీ దగ్గరికి వచ్చేది ఒకచోట, రాసుకోవాల్సింది ఇంకోచోట. బీమా వాళ్ళ నోటీసు మెయిల్‌లో వస్తుంది, తోటి టీచరు వాట్సాప్‌లో ఒక ఫోటో పెడతారు, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఇంకోటి గుర్తొస్తుంది. ప్రతిసారీ ఆ యాప్ వెతుక్కుని, తెరిచి, ఎక్కించాలంటే నాలుగో రోజుకి చెయ్యి రాదు. మెయిల్ అలా కాదు, దాన్ని ఎవరూ చెప్పకుండానే రోజుకి పదిసార్లు తెరుస్తాం.

దాని లోపం కూడా అక్కడే ఉంది. ఇన్‌బాక్స్ మన పల్లెల్లో వీధి అరుగు లాంటిది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. బ్యాంకువాడు, లోన్ ఇస్తామనేవాడు, ఎప్పుడో ఒకసారి చొక్కా కొన్న వెబ్‌సైటువాడు, అందరూ మీ పనుల లిస్టులో తలా ఒక వరుస రాసేస్తున్నారు. మీ లిస్టు మీదే అయినప్పుడు అందులో రాసే హక్కు మీకొక్కరికే ఉండాలి. మెయిల్‌తో పనులు నడిపి విసిగిపోయినవాళ్ళని చూశాను, దాదాపు అందరిదీ ఇదే బాధ. స్నూజ్‌లు (మెయిల్‌ని కొన్నాళ్ళు దాచి మళ్ళీ పైకి తెచ్చేవి), రంగురంగుల స్టార్‌లు అన్నీ నేర్చుకుంటారు గానీ, ఈ ఒక్కటీ చేయరు.

చేయడం కష్టమేం కాదు. జీమెయిల్‌లో మీ ఐడీ అయిపోయాక, అట్ గుర్తుకి ముందు, ప్లస్ గుర్తు పెట్టి ఏదో ఒక మాట తగిలిస్తే, ఆ అడ్రసుకి పంపినది కూడా మీకే వస్తుంది. కొత్త అకౌంటు తెరవక్కర్లేదు, ఎక్కడా రిజిస్టర్ చేయక్కర్లేదు. ప్లస్ తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో పని అని రాయండి, చాలు. ఆ అడ్రసుని ఫోన్ కాంటాక్ట్స్‌లో పని అనే పేరుతోనే సేవ్ చేసుకోండి. అప్పుడు మెయిల్ రాసేటప్పుడు మొదటి అక్షరం కొట్టగానే పైకి వస్తుంది. ఈ అడ్రసు ఎవరికీ ఇవ్వకండి, ఏ ఫారంలోనూ రాయకండి.

తర్వాత ఫిల్టర్ పెట్టాలి, అంటే మీ పని మెయిళ్ళకి దానంతటదే లేబుల్ అనే ముద్ర పడే ఏర్పాటు. ఇది ఫోన్ యాప్‌లో కుదరదు, కంప్యూటర్లోనే చేయాలి. స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు పది నిమిషాలు కూర్చుంటే అయిపోతుంది (లేచేటప్పుడు లాగౌట్ చేయడం మరిచిపోకండి, పిల్లలు ఉంటారు). సెర్చ్ పెట్టె కుడి చివర చిన్న గీతల గుర్తు ఉంటుంది, అది నొక్కితే ఫ్రమ్, టు అని గళ్ళు వస్తాయి. ఫ్రమ్‌లో మీ మామూలు ఐడీ, టు గడిలో ప్లస్ ఉన్న ఐడీ. రెండూ పెట్టండి, ఒక్క టు పెట్టి వదిలేయకండి. అప్పుడు ఎవడికైనా ఆ అడ్రసు తెలిసిపోయినా వాడి మెయిల్‌కి ముద్ర పడదు. క్రియేట్ ఫిల్టర్ నొక్కి, అప్లై ద లేబుల్ దగ్గర పని అనే కొత్త లేబుల్ పెట్టుకోండి. లేబుల్ పేరు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు గానీ ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే తర్వాత వెతకడానికి చేతికి సులువు. దానికో రంగు ఇవ్వండి. స్కిప్ ఇన్‌బాక్స్ అనే దానికి మాత్రం టిక్ పెట్టకండి. ఎందుకంటే మన లెక్కలో ఇన్‌బాక్స్‌లో ఉన్నది అవ్వాల్సిన పని, ఆర్కైవ్ అయినది (డిలీట్ చేయకుండా ఇన్‌బాక్స్‌లోంచి పక్కకి తప్పించినది) అయిపోయిన పని.

ఇక లిస్టు చూడాలంటే సెర్చ్‌లో లేబుల్ కోలన్ పని, ఒక ఖాళీ, ఇన్ కోలన్ ఇన్‌బాక్స్ అని ఇంగ్లీషులో కొట్టండి, కోలన్‌కి అటూ ఇటూ ఖాళీ వదలకుండా. అంతే, మీ పనులు తప్ప ఇంకేమీ కనిపించవు. ఫోన్లో మళ్ళీ మళ్ళీ కొట్టక్కర్లేదు, సెర్చ్ పెట్టె ముట్టుకోగానే ఇంతకుముందు వెతికినవి కిందే చూపిస్తుంది. కంప్యూటర్లో అయితే సెట్టింగ్స్‌లో ఇన్‌బాక్స్ రకం మల్టిపుల్ ఇన్‌బాక్సెస్ అని మార్చి, ఒక గడిలో ఇదే మాట రాసేస్తే ఎప్పుడూ ఒక పక్కన ఉంటుంది.

ఆ పదకొండు వేల సంగతి. కూర్చుని డిలీట్ చేయాలని మాత్రం అనుకోకండి, సెలవులన్నీ అయిపోతాయి. కంప్యూటర్లో ఇన్ కోలన్ ఇన్‌బాక్స్, ఖాళీ, ఓల్డర్ అండర్‌స్కోర్ దేన్ కోలన్ 30డి అని వెతికితే నెల దాటినవన్నీ వస్తాయి. పైన ఉన్న చదరం టిక్ చేస్తే ఆ పేజీ వరకే ఎంచుకుంటుంది, వెంటనే పైన ఒక వరుస వస్తుంది, ఈ సెర్చ్‌కి వచ్చినవన్నీ ఎంచుకో అని. అది నొక్కి ఆర్కైవ్ కొట్టండి. ఏదీ పోదు. ఎప్పుడు వెతికినా దొరుకుతుంది, కళ్ళ ముందు నుంచి పోతుంది అంతే. అయితే జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడింటికీ కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అది నిండితే కొత్త మెయిళ్ళు రావడమే ఆగిపోతుంది. లిస్టు మెయిల్‌లో పెట్టుకున్నవాడికి అది పెద్ద టెన్షన్. అందుకని లార్జర్ కోలన్ 10ఎం అని వెతికి ఆ బరువైన వాటిని మాత్రం తీసేయండి, సగం ఖాళీ అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, అంటే సబ్జెక్ట్ లైను. ఫోన్లో లిస్టు చూసినప్పుడు మీకు కనిపించేది అదొక్కటే. మీరు ఇప్పుడు ఎలా రాస్తున్నారో నేను ఊహించగలను: కరెంటు, బండి, నాన్న కళ్ళు, పొలం. రాసిన రోజు అర్థమవుతుంది. మూడో రోజు చూస్తే బండికి ఏమిటి, పెట్రోలా, ఇన్సూరెన్సా, పొల్యూషన్ సర్టిఫికెట్టా అని ఆలోచించాలి. ఆలోచించాల్సి వచ్చిందంటే మనిషి దాన్ని దాటేసి కిందికి వెళ్ళిపోతాడు. సబ్జెక్ట్‌లో చివరి మాట "ఆలి"తో ముగియాలి: కట్టాలి, అడగాలి, తేవాలి, పంపాలి. ముందు ఎవరితోనో ఎక్కడో ఉండాలి. "పాత బ్రిడ్జి దగ్గర బంకులో బండి పొల్యూషన్ చూపించాలి" అని ఉంటే ఇంక ఆలోచించేది లేదు, వెళ్ళడమే.

మా బావమరిది చీపురుపల్లిలో ఉంటాడు, ఇదే పద్ధతి పెట్టుకున్నాడు. వాడి లిస్టులో "పొలం కాగితాలు" అని ఒక మెయిల్ ఎండాకాలం నుంచి కదలడం లేదు. బద్ధకం అనుకుంటున్నాడు వాడు. ఒకరోజు కూర్చోబెట్టి అడిగాను, ముందు ఏం చేయాలిరా అని. "1బీ తియ్యాలి." (భూమి హక్కుల రికార్డు అది.) ఎక్కడ తీస్తావు? "మీభూమిలో వస్తాది కదా." (భూమి రికార్డుల ప్రభుత్వ వెబ్‌సైటు.) ఖాతా నంబరు ఉందా? "లేదు, చిన్నాన్న దగ్గరుంటాది." అంటే వాడి పని పొలం కాగితాలు కాదు, చిన్నాన్నకి ఫోన్ చేసి ఖాతా నంబరు అడగడం. రెండు నిమిషాల ఫోను. అది నెలల తరబడి ఆగింది, ఎందుకంటే ఆ మెయిల్ మీద పని రాసి లేదు, బరువు రాసి ఉంది. అక్కడే కూర్చుని ఆ మెయిల్‌ని ఫార్వర్డ్ కొట్టించి, సబ్జెక్ట్ మార్పించాను: "చిన్నాన్నకి ఫోన్ చేసి ఖాతా నంబరు అడగాలి". వచ్చిన మెయిల్ సబ్జెక్ట్‌ని జీమెయిల్‌లో దిద్దలేం గానీ, ఇలా ఫార్వర్డ్ చేసేటప్పుడు మార్చుకోవచ్చు. అది విడిగా కొత్త వరుసగా వస్తుంది, కింద పాత సంగతంతా ఉంటుంది, పాతదాన్ని ఆర్కైవ్ చేసేయడమే. నంబరు దొరికాక మళ్ళీ ఫార్వర్డ్, ఈసారి "మీభూమిలో 1బీ తీసి ప్రింటు తీయించాలి".

బయటివాళ్ళ నుంచి వచ్చే మెయిళ్ళకీ ఇదే మందు. బీమా కంపెనీ పంపిన మెయిల్‌కి సబ్జెక్ట్ వాళ్ళు పెట్టుకున్నది, మీ పని ఏమిటో వాళ్ళు చెప్పరు. దాన్ని మీ ప్లస్ అడ్రసుకి ఫార్వర్డ్ చేస్తూ "నామినీ పేరు సరిచేయించాలి, ఆధార్ కాపీ పట్టుకెళ్ళాలి" అని మీ మాటల్లో రాసుకోండి. పంపేది మీరే కాబట్టి ఫిల్టర్ పట్టుకుంటుంది, లేబుల్ పడుతుంది. కొంచెం అదనపు పనే, కాదనను. కానీ ఒక మెయిల్ మీ లిస్టులోకి రావాలా వద్దా అని ఆలోచించేది ఆ పది సెకన్లలోనే. ఇంకో లాభం కూడా ఉంది. ఈ రాత్రికి మీ కరెంటు కట్ చేస్తాం, ఈ లింకు నొక్కి బిల్లు కట్టండి అని దొంగ మెసేజీలు ఎన్ని వస్తున్నాయో మీకూ తెలుసు. లిస్టులో ఉన్నదాన్ని మనం చకచకా చేసేస్తాం, అనుమానం రాదు, అందుకే ఇన్‌బాక్స్‌నే లిస్టుగా వాడేవాళ్ళు వీటికి తొందరగా దొరుకుతారు. మీ చేత్తో మీరు పంపుకున్నవే లిస్టు అయితే, మధ్యలో ఒకసారి ఆగి చదువుతారు.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో అయితే షేర్ నొక్కి జీమెయిల్ ఎంచుకోండి, మెసేజ్ అయితే కాపీ చేసి అతికించండి. తెలుగులో టైపు చేయడం విసుగైతే గూగుల్ కీబోర్డులో తెలుగు పెట్టుకుని మైకు నొక్కి చెప్పేయండి, బాగానే రాస్తుంది. బస్సు గోలలో మాత్రం మన యాస దానికి ఎక్కదు, చెప్పింది ఒకటి రాసింది ఒకటి అవుతుంది, పంపే ముందు చూసుకోండి.

అయిపోయిన పనిని డిలీట్ చేయకండి, ఆర్కైవ్ చేయండి. మనకి మనం పంపుకున్న మెయిల్ సెంట్‌లో ఒకటి, ఇన్‌బాక్స్‌లో ఒకటి అని రెండు కాపీలు ఉంటాయనుకుంటారు చాలామంది. జీమెయిల్‌లో ఉండేది ఒక్కటే, రెండు చోట్లా కనిపిస్తుంది. ఇన్‌బాక్స్‌లో తీసేస్తే సెంట్‌లోంచీ పోయి ట్రాష్‌లో పడుతుంది, 30 రోజుల తర్వాత పూర్తిగా పోతుంది. ఏడాది తర్వాత గ్యాస్ స్టవ్ బాగుచేసిన కుర్రాడి నంబరు కావాలంటే అప్పుడు దొరకదు.

స్నూజ్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇది లేకపోతే మెయిల్ లిస్టు అనేది ఉత్త చిట్టా. మెయిల్ తెరిచి పైన మూడు చుక్కలు నొక్కితే స్నూజ్ అని ఉంటుంది, తేదీ, టైము ఇస్తే అది అప్పటిదాకా కనిపించకుండా పోయి, ఆ టైముకి ఇన్‌బాక్స్ పైన వచ్చి కూర్చుంటుంది. యాప్ సెట్టింగ్స్‌లో స్వైప్ యాక్షన్స్ ఉంటాయి. కుడికి తోస్తే ఆర్కైవ్, ఎడమకి తోస్తే స్నూజ్ అని పెట్టుకోండి, ఒక చేత్తో బస్సు రాడ్డు పట్టుకుని కూడా లిస్టు సర్దేయొచ్చు. ఈ రోజు చేయలేని పని ఈ రోజు లిస్టులో కనిపించకూడదు. అది కనిపిస్తే చేయగలిగినవి కూడా చేయబుద్ధి కాదు.

టైము ఇచ్చేటప్పుడు ఉదయం 8 అని అన్నిటికీ ఒకటే ఇచ్చేయకండి. ఆ పని మీరు ఎక్కడ ఉంటే అవుతుందో ఆలోచించి ఇవ్వండి. ఫోన్లు చేసేవి మధ్యాహ్నం భోజనాల టైముకి. బజారు పనులు సాయంత్రం మీరు శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగే టైముకి, దిగగానే ఫోన్ మోగాలి, ఇంటికెళ్ళి చెప్పులు విప్పాక మోగితే ఇంక ఏడు రోడ్ల జంక్షన్ దాకా మళ్ళీ ఎవరు వెళ్తారు. ఊరి సంగతి కూడా చూసుకోండి. మా ఊళ్ళో పైడితల్లి అమ్మవారి సిరిమాను మంగళవారం నాడు బజార్లో ఏ పనీ పెట్టుకోను, మీకు రథసప్తమి రోజున అరసవల్లి వైపు పని ఉంటే దాన్ని మర్నాటికి తోసేయడమే తెలివి. ఇలాంటివి ఏ యాప్‌కీ తెలియవు, మీకు తెలుసు.

నెలనెలా వచ్చే వాటికి నేను చేసేది చెప్తాను, ఇది చాలామందికి తట్టదు. కరెంటు బిల్లుకి ప్రతి నెలా కొత్త మెయిల్ రాసుకోను. ఒకటే మెయిల్, "కరెంటు బిల్లు కట్టాలి", లోపల సర్వీసు నంబరు. కట్టాక అదే మెయిల్‌కి నేనే రిప్లై కొడతాను: ఎంత కట్టానో, ఏ తేదీనో, రసీదు స్క్రీన్‌షాట్. తర్వాత ఆర్కైవ్ చేయను, వచ్చే నెల బిల్లు వచ్చే తేదీకి స్నూజ్ చేస్తాను. ఆ ఒక్క మెయిల్ తెరిస్తే ఎన్నో నెలల లెక్క వరుసగా కనిపిస్తుంది. ఎండాకాలంలో బిల్లు ఎంత పెరిగిందో చూసుకోవచ్చు, కట్టలేదని ఎవరైనా అంటే అక్కడే రసీదు ఉంటుంది. మా మామగారు రైల్వేలో రిటైరయ్యారు, కేంద్రం పింఛనుదారులు ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ మెయిల్ ఏడాదికోసారి నవంబరు మొదటి వారంలో లేస్తుంది, లోపల పీపీఓ నంబరు (పింఛను ఆర్డరు నంబరు), పోయినసారి ఎక్కడ వేలిముద్ర పడలేదో, ఎక్కడ పడిందో కూడా రాసి ఉంటుంది. స్నూజ్ మర్చిపోతారనే భయం ఉంటే గూగుల్ క్యాలెండర్‌లో నెలనెలా తిరిగేలా పెట్టి, నోటిఫికేషన్ ఈమెయిల్‌గా రావాలని ఎంచుకోండి. అయితే అది క్యాలెండర్ నుంచి వస్తుంది కాబట్టి మన ఫిల్టర్‌కి దొరకదు, నాకు మొదటిదే నచ్చుతుంది.

దూరం తేదీలకి షెడ్యూల్ సెండ్ కూడా వాడొచ్చు, అంటే మెయిల్ ఇప్పుడే రాసి, చెప్పిన తేదీకి వెళ్ళేలా పెట్టడం. సంక్రాంతికి హైదరాబాదు నుంచి మీ పిల్లలో తమ్ముళ్ళో వస్తారు కదా. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకు ముందు 120 ఉండేది. జనవరి 12న బయల్దేరాలంటే నవంబరు 13 ఉదయం 8 గంటలకి బుకింగ్ మొదలవుతుంది, ఫలక్‌నుమాకైనా విశాఖ ఎక్స్‌ప్రెస్‌కైనా మన వైపు స్లీపర్ బెర్తులు ఎంతసేపు ఉంటాయో మీకు నేను చెప్పాలా. అందుకని నేను రెండు మెయిళ్ళు షెడ్యూల్ చేస్తాను. 12 రాత్రి ఒకటి: "అందరి పేర్లు, వయసులు ఐఆర్‌సీటీసీ మాస్టర్ లిస్టులో ఉన్నాయో లేదో చూడాలి". 13 ఉదయం 7:45కి ఇంకోటి: "శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దాకా టికెట్లకి లాగిన్ అయి కూర్చోవాలి". రెండూ ముందు రోజుల్లోనే, తీరిగ్గా ఉన్నప్పుడు రాసినవి. ఆ పొద్దున్న తొందరలో ఆలోచించడానికి ఏమీ మిగలదు.

వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ లిస్టు పై నుంచి కిందికి చూడండి. కింద మిగిలిపోయినవే ముఖ్యం. నెల దాటి కదలనిది ఉంటే బావమరిది పొలం కేసా అని చూడండి, అయితే సబ్జెక్ట్ మార్చండి. కాకపోతే నిజంగా చేసే ఉద్దేశం ఉందా అని అడగండి, లేకపోతే మొహమాటం లేకుండా ఆర్కైవ్. "వీణ నేర్చుకోవాలి" అని ఒకాయన లిస్టులో చూశాను, బొబ్బిలి పక్కనే ఉన్నంత మాత్రాన అది పని అయిపోదు, కోరిక. కోరికలకి వేరే లేబుల్ పెట్టుకోండి, రోజూ పొద్దున్నే కనిపించక్కర్లేదు.

కొన్నిటికి ఇది పనికిరాదు, అదీ చెప్పాలి. కిరాణా సరుకులు మెయిల్‌లో రాయకండి, వంటింట్లో గోడకి కాగితమే మేలు. రోజూ వేసుకునే మందులకి అలారమే. పాస్‌వర్డులు, ఏటీఎం పిన్, ఓటీపీలు మెయిల్‌లో రాసిపెట్టుకోకండి. అకౌంటుకి టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డుతో పాటు ఇంకో నిర్ధారణ కూడా అడిగేది) తప్పకుండా పెట్టండి, ఎందుకంటే ఇకమీదట అందులో ఉత్తరాలే కాదు, మీ ఇంటి గుట్టంతా ఉంటుంది. ఆఫీసు వాళ్ళిచ్చిన మెయిల్ ఐడీలో సొంత లిస్టు అసలే పెట్టకండి, బదిలీ అయినా ఉద్యోగం మారినా అది మీ చేతిలో ఉండదు. కొత్తగా వేరే జీమెయిల్ అకౌంటు తెరిచి అందులో పెట్టుకుంటా అంటే వద్దనను, ఎవరికీ తెలియని అడ్రసు కాబట్టి శుభ్రంగా ఉంటుంది. కానీ అది రోజూ తెరవాలని మీకు గుర్తుండదు, మళ్ళీ పాత యాప్ కథే. పైగా రెండేళ్ళు వాడకుండా వదిలేసిన అకౌంట్లని గూగుల్ తీసేస్తుంది.

ఇంకోటి, మన తీరానికే ఉన్న బాధ. 2014లో హుద్‌హుద్ తుపాను, 2018లో తిత్లీ తుపాను, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం వైపు కరెంటు, సిగ్నలు ఎన్నాళ్ళు లేవో అక్కడి మీ తోటి టీచర్లని అడగండి. సిగ్నలు లేకపోతే స్నూజ్ చేసినది లేవదు. కంప్యూటర్లో జీమెయిల్ ఆఫ్‌లైన్ ఆన్ చేసుకుంటే 7, 30 లేదా 90 రోజుల మెయిళ్ళు దాచుకోవచ్చు, కానీ దానికీ కరెంటు కావాలి కదా. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు నేను చేసేది ఒక్కటే, వచ్చే పది రోజుల తేదీలున్న పనులు, ముఖ్యమైన ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద పెన్నుతో ఎక్కించి పర్సులో పెట్టుకుంటాను.

ఇక మేడం సంగతి. ఆవిడ కూడా మీ లిస్టులో వేయాలంటే ఫిల్టర్‌లో ఫ్రమ్ గడిలో మీ ఐడీ పక్కన పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషు ఓఆర్ పెట్టి ఆవిడ ఐడీ చేర్చండి, ఆవిడ ఫోన్లో కూడా ఆ ప్లస్ అడ్రసుని సేవ్ చేయండి. సాంకేతికంగా అంతే. కానీ పెట్టే ముందు ఇద్దరూ మాట్లాడుకోండి, సబ్జెక్ట్ "ఆలి"తో ముగియాలని, తేదీ ఉంటే తేదీ రాయాలని. అయిపోయాక మీరు దానికి రిప్లై కొడితే ఆవిడకి వెళ్తుంది, "అయిందా లేదా" అని సాయంత్రం అడగాల్సిన పని ఉండదు. మా ఇంట్లో ఇలాగే నడుస్తోంది, ఒక్క షరతుతో: నేను కూడా ఆవిడ లిస్టులో వేయొచ్చు, కానీ రోజుకి ఒకటే. ఆ షరతు పెట్టింది నేను కాదు. మీరు మాత్రం ముందు ఫిల్టర్ పెట్టి, మీ ఒక్కరి పనులతో ఒక నెల నడిపి చూడండి, ఆవిడ ఐడీ తర్వాత ఎప్పుడైనా చేర్చుకోవచ్చు. ఫిల్టర్ దగ్గర ఎక్కడైనా ఆగిపోతే ఏ గడిలో ఏం రాశారో రాయండి, చూసి చెప్తాను. 20వ తేదీ ముందు రెండు రోజులు మాత్రం నా నుంచి జవాబు ఆశించకండి.